ఒక్కదాన్నే ఉన్నప్పుడు వచ్చే చప్పుడు

"ఏం, ఇవాళ నీ చుట్టం వచ్చిందా?" అని అడిగాడు మొగుడు, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

ఆమె ఇంకా చెప్పులు కూడా విడవలేదు. ఒక భుజానికి ఆఫీసు సంచి, రెండో భుజానికి కూతురి స్కూలు సంచి, చేతిలో అత్తగారి మోకాళ్ళ మందులు. వచ్చింది అంటే నవ్వుతాడు. రాలేదు అంటే "నేను ముందే చెప్పలా?" అంటాడు. రెండిట్లో ఏదీ వినే ఓపిక లేక, సంచులన్నీ బల్ల మీద దించి వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించింది. వెనక నుంచి అత్తగారి గొంతు, "పోనీలేరా, పొద్దుననగా వెళ్ళిన మనిషి" అని. కోడల్ని వెనకేసుకొచ్చినట్టే ఉంటుంది ఆ మాట. కొడుకుని ఏమీ అననట్టూ ఉంటుంది. అలాంటి మాటలు ఆవిడకి నూరు వచ్చు.

చుట్టం అంటే మనిషి కాదు. బండి ముందు భాగంలో చప్పుడు. ఎనిమిది నెలల క్రితం మొదలైంది. చక్రం గతుకులో దిగినా, స్పీడుబ్రేకరు ఎక్కినా, పక్క సీటు వైపు కాళ్ళ దగ్గర ఎక్కడో "టక్" మంటుంది. పెద్ద చప్పుడేం కాదు. మూసిన తలుపు మీద ఎవరో వేలి కణుపుతో ఒక్కసారి కొట్టి, తీస్తారేమోనని ఆగినట్టు ఉంటుంది. మొదట్లో సీటు కింద నీళ్ళ సీసా దొర్లుతోందేమో అనుకుంది. సీసా తీసేసింది. కూతురి జామెట్రీ బాక్సేమో అనుకుంది. అదీ కాదు. డిక్కీ ఖాళీ చేసి, ముందు అర ఖాళీ చేసి, చివరికి తాళాల గుత్తికున్న చిన్న గంటని కూడా పీకి పారేసింది. చప్పుడు మాత్రం తన చోటు వదల్లేదు.

బండికి పదకొండేళ్ళు. బంధువుల ముందు అది "మా బండి". కడగాల్సి వచ్చినప్పుడు, గాలి పట్టించాల్సి వచ్చినప్పుడు అది "నీ బండి". ఆయనకి లైసెన్సు ఉంది గానీ ట్రాఫిక్ పడదు. ఆఫీసు బస్సు వీధి మలుపు దగ్గరికే వచ్చి ఎక్కించుకుపోతుంది. కాబట్టి కూతురి బడి, అత్తగారి మోకాళ్ళకి వారానికి రెండుసార్లు వ్యాయామం చేయించే ఆసుపత్రి, కూరలు, మందులు, దర్జీ, ఎవరైనా వస్తే స్టేషను, అన్నిటికీ ఆమే, ఆ బండే. సెలవు రోజున అందరూ కలిసి ఎటైనా వెళ్తే ఆయన పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతుంటాడు. "చూసి, చూసి... బైకు... అబ్బ, ఏంటా తొందర?" దిగాక మాత్రం ఒళ్ళు విరుచుకుంటూ, "హమ్మయ్య, డ్రైవింగంటే అలసటే సుమా" అంటాడు. ఆ మాటకి ఆమెకి మొదట్లో నవ్వొచ్చేది. ఇప్పుడు నవ్వు కూడా రావడం లేదు.

ప్రతి పొద్దున్నా ఒకటే తంతు. రెండు డబ్బాలు కట్టి, అత్తగారి మాత్రలు గిన్నెలో వేసి, ఆయన చొక్కా ఎక్కడుందో మూడుసార్లు చెప్పి, ఆమె ఒక్కతే బండెక్కి గేటు గట్టు మీంచి వీధిలోకి దింపుతుంది. టక్. అప్పటికి కూతురు మెట్ల మీద కూర్చుని ఇంకా బూట్ల లేసులు కడుతూనే ఉంటుంది. అత్తగారు గేటు రెక్క పట్టుకుని నిలబడి, పిల్ల పరిగెత్తుకొచ్చి ముందు సీట్లో ఎక్కాక గేటు మూస్తుంది. గేటు మూయడం ఆవిడ పని. ఇంకెవరు మూసినా గొళ్ళెం సరిగా పడదంటుంది. కూతురు ఎక్కగానే చప్పుడు మాయం. బడి దాకా రోడ్డంతా గతుకులే, అయినా ఉలుకూ పలుకూ ఉండదు. పిల్ల దిగి, వెనక్కి కూడా చూడకుండా గుంపులో కలిసిపోయాక, మొదటి స్పీడుబ్రేకరు దగ్గర మళ్ళీ, టక్.

అక్కడి నుంచి ఆఫీసుకి నలభై నిమిషాలు. రోజు మొత్తంలో "ఏదీ, ఎక్కడ పెట్టావ్?" అని ఎవరూ అడగని నలభై నిమిషాలు అవే. ఆ నలభై నిమిషాల్లో ఆమె గొప్పగా చేసేదేమీ లేదు. అద్దం కొద్దిగా దించుతుంది. ఒక్కోసారి పాడుకుంటుంది, పాట మధ్యలో మాటలు మర్చిపోతే తనే కల్పించుకుంటుంది. సిగ్నలు దగ్గర ఎర్ర దీపం పడితే లోకమంతా విసుక్కుంటుంది గానీ ఆమెకి లోపల సంతోషం, ఇంకో నిమిషం కలిసొచ్చిందని. అంత చిన్న సుఖంలోకి పిలవని ఈ చప్పుడొచ్చి కూర్చుంది. ఏదో అరిగిపోతోంది, ఏదో ఊడబోతోంది, ఆ సంగతి ఈ భూమ్మీద తన ఒక్కదానికే తెలుసు. ఆ తెలియడమే చప్పుడు కంటే బరువుగా ఉండేది.

చెప్పకుండా ఉండలేదు, చెప్పింది. మొదటి వారమే చెప్పింది. "సరే పద" అని ఆయన పక్కన కూర్చుని కాలనీ అంతా రెండు చుట్లు తిప్పించాడు. ఒక్క టక్కు లేదు. "ఏదీ? పిలువు మీ చుట్టాన్ని" అన్నాడు. పేరు అప్పుడు పెట్టిందే. తర్వాత ఆయనే సెలవు పెట్టి మరీ కంపెనీ సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళాడు. అక్కడి మెకానిక్కు తనే స్టీరింగు దగ్గర కూర్చుని, పక్కన ఆయన్ని కూర్చోబెట్టుకుని ఊరంతా తిరిగొచ్చాడు. ఆమె గాజు గదిలో పాత పత్రికలు తిరగేస్తూ కూర్చుంది. రోజూ నడిపే మనిషి గాజు గదిలో, ఎప్పుడూ నడపని మనిషి బండిలో. ఇదేం విడ్డూరమో అడిగినవాళ్ళు లేరు. తిరిగొచ్చి, "ఏమీ లేదు సార్. మేడంగారు కాస్త సున్నితం అనుకుంటా" అన్నాడట ఆ మెకానిక్కు. ఆయన ఆ మాటని ఇంటికి మిఠాయి పొట్లంలా జాగ్రత్తగా తెచ్చి భోజనాల దగ్గర అందరికీ పంచిపెట్టాడు.

కూతుర్ని అడిగితే చెవుల్లోంచి తీగలు తీసి "ఏంటమ్మా?" అంది. అత్తగారిని ఒకరోజు దారిలో అడిగింది. "మీకేమైనా వినపడిందా అత్తయ్యా?" ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాకేం వినపడుతుందమ్మా ఈ వయసులో" అంది.

ఎవరైనా పక్కనుంటే రాదు, ఒక్కదాన్నే ఉంటే వస్తుంది అని ఆమెకి నెల తిరిగేసరికి అర్థమైపోయింది. అర్థమైన కొద్దీ చెప్పుకోవడం ఇంకా కష్టమైంది. ఈ మాట పైకి అంటే ఏ రోగమని అంటారో ఆమెకి తెలుసు. ఒకసారి ఉండబట్టలేక అనేసింది. ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "నువ్వు బాగా అలిసిపోతున్నావ్" అన్నాడు మెత్తగా, చిన్నపిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసినట్టు. వారం తిరక్కుండా చెవుల డాక్టరు దగ్గర పేరు రాయించాడు.

దళసరి గుడ్డ గోడల గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఆమె పరీక్షకి కూర్చున్న పిల్లలా ఊపిరి బిగబట్టి నొక్కింది. దూరంగా, మరీ దూరంగా, దోమ రెక్కంత శబ్దం వచ్చినా వదల్లేదు. పరీక్ష చేసిన అమ్మాయి కాగితం చూపిస్తూ, "మీ వయసులో ఇంత బాగా వినపడేవాళ్ళని నేను చాలా తక్కువ చూశానండీ" అంది. ఆమెకి ఆ పిల్లని కౌగిలించుకోవాలనిపించింది. బయట బెంచీ మీద అత్తగారు ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుని ఉంది, తోడొస్తానని తనంతట తనే వచ్చింది. సంగతి విని, "ఏదీ లేకపోతే మంచిదేగా" అని సంచీ జిప్పు వేసి తీసింది, మళ్ళీ వేసింది. ఆయన మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "చెవుల్లో లేదంటే మరి..." అని ఆగిపోయాడు. ఆ ఆగడంలో మిగతా మాటంతా ఉంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర తీర్మానం వెలువడింది. "వచ్చే ఆదివారం చెల్లి వాళ్ళింటికి వెళ్ళొద్దాం. ఆ తర్వాత బండి అమ్మేద్దాం. పాపకి స్కూలు వ్యాను. అమ్మకి నేనేదో ఏర్పాటు చేస్తా. నువ్వు హాయిగా బస్సులో వెళ్ళు. కొన్నాళ్ళు స్టీరింగు ముట్టుకోకు. నీ మంచికే చెప్తున్నా." ఆయన గొంతులో నిజంగానే ప్రేమ ఉంది, అదే వచ్చిన చిక్కు. కోపంగా అంటే తిరగబడొచ్చు. మంచికే అన్న మాటని ఎక్కడ పట్టుకుని విరవాలి? ఆమె చారు గరిటెని గిన్నెలో వదిలేసింది. ఎనిమిది నెలలుగా నిజం చెప్పినందుకు తన నలభై నిమిషాలు పోతున్నాయి.

ఆమె ఉద్యోగం తలచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల టేబులు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఫోన్లు. ఎదురుగా గోడ మీద పెద్దక్షరాలతో బోర్డు, "చెప్పేవారి మాట ముందు రాసుకోండి. తర్వాత ప్రశ్నించండి" అని. పదహారేళ్ళుగా రాసుకుంటోంది. లైట్లు మిణుకుమంటున్నాయన్నా, స్తంభం గుయ్యిమంటోందన్నా, లేదు మీ భ్రమ అని ఎవరినీ ఎప్పుడూ అనలేదు. అలా అంటే ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో మాత్రం ఆ బోర్డు ఎక్కడా వేలాడటం లేదు.

తీర్మానం జరిగిన మర్నాడు, మంగళవారం, ఒక ఫోనొచ్చింది. బొంగురు గొంతు. "మేడం, మా షెడ్డు ముందు తీగ బుస్సుమంటోంది. మీవాళ్ళు రెండుసార్లొచ్చారు. వాళ్ళొచ్చినప్పుడు చడీ చప్పుడూ ఉండదు. వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ మొదలు. మీరైనా నమ్మండి."

ఆమె కలం ఆగిపోయింది. "నమ్ముతున్నానండీ" అంది. ఆ మాట ఎంత గట్టిగా అందంటే పక్క టేబులతను తిరిగి చూశాడు. "ఏ వేళప్పుడు ఎక్కువ?"

"మంచు పడితే. తెల్లారుజామున. పదకొండింటికొచ్చి చూస్తే ఏముంటుంది, ఎండకి ఆరిపోయి ఉంటుంది."

తెల్లారుజామునే మనిషిని పంపమని ఫిర్యాదు కింద రెండు గీతలు గీసి రాసింది. రాస్తూ, "ఏం షెడ్డండీ మీది?" అని అడిగింది.

"బండ్ల షెడ్డమ్మా. స్టూలు మేస్త్రి అంటే ఎవరైనా చెప్తారు."

బుధవారం మధ్యాహ్నం సెలవు పెట్టి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. సంసారంలో ఇన్నేళ్ళకి ఆమె చెప్పకుండా చేసిన పని అదొక్కటే, అదీ బండి బాగుచేయించుకోవడం. షెడ్డు ముందు సిమెంటుతో పోసిన ఎత్తు గట్టు, పక్కనే పొట్టి చెక్క స్టూలు. దాని మీద కూర్చున్న పెద్దాయన ఆమె గొంతు వినగానే లేచాడు. "మీరేనా మేడం! ఇవాళ తెల్లారుజామున మీ మనిషొచ్చాడు. కళ్ళారా చూశాడు, చెవులారా విన్నాడు. తీగ మార్చేశాడు!" అని ఊళ్ళో వాళ్ళందరికీ వినపడేలా చెప్పాడు. ఆమె తన సంగతి చెప్పింది. ఒక్కదాన్నే ఉన్నప్పుడే వస్తుంది అన్న ముక్క మాత్రం మింగేద్దామనుకుంది. మింగలేక అదీ చెప్పేసి, ఆయన మొహం చూడకుండా పక్క తలుపు తెరిచింది. "ఎక్కండి, ఓసారి తిప్పి చూపిస్తా."

"నేనెందుకమ్మా ఎక్కడం? ఇన్నేళ్ళలో ఎవరి బండీ ఎక్కలేదు నేను. డాక్టరు రోగి మంచమెక్కి పడుకుంటాడా?" అని స్టూలు గట్టు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "రోజూ ఎట్లా నడుపుతారో అట్లానే పోనివ్వండి. ఒక్కరే."

ఆమె వెనక్కి వెళ్ళి, మలుపు తిరిగి, గట్టు ఎక్కించి దించింది. టక్.

పెద్దాయన చెయ్యెత్తాడు. "ఆపండి. వినపడింది."

"ఏం... ఏం వినపడింది?"

"టక్ మంది కదా. పక్క సీటు వైపు చక్రం. మళ్ళీ ఓసారి రండి."

మళ్ళీ వచ్చింది. మూడోసారి ఆయన రమ్మనకుండానే వచ్చింది. ప్రతిసారీ ఆయన అదే చెయ్యి ఎత్తాడు. నాలుగోసారి బండి ఆపేసి, స్టీరింగు మీద నుదురు ఆనించి ఆమె ఏడ్చేసింది. సంతోషమే అది. ఎనిమిది నెలలుగా కడుపులో గడ్డకట్టుకున్నదేదో కరిగి కళ్ళలోంచి పోతోంది. ఒక మనిషికి వినపడింది, అంతే. ఇంత చిన్న దానికి ఇంత ఏడుపా అని సిగ్గేసింది. ఆ సిగ్గుకి ఇంకా ఏడుపొచ్చింది. పెద్దాయన చూడనట్టే బోనెట్ కింద తల దూర్చి గట్టిగా మాట్లాడుతూ పోయాడు. "ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ నూనె కారిపోయాయి. పైన రబ్బరు దిళ్ళు చిట్లిపోయాయి. చక్రం దగ్గర ఈ లింకు కడ్డీ చూడండి, కొసన గుండు ఎంత వదులో. పక్కన మనిషి కూర్చుంటే బరువుకి ఈ వదులంతా పూడిపోతుంది, చప్పుడుండదు. మనిషి దిగితే మళ్ళీ మొదలు. ఒక్కళ్ళే నడిపేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియని జబ్బు ఇది. ఇంకొన్నాళ్ళు ఊరుకుంటే ఏదో ఒక మలుపులో చక్రం మీ మాట వినేది కాదు."

ఆమె కళ్ళు తుడుచుకుని దిగింది. "మార్చేయండి."

"అట్లాగే. సార్ నంబరివ్వండి, ఓ మాట అడిగి మొదలెడతా."

అదిగో. బంగారంలాంటి మనిషి అనుకుంటే ఈయన కూడా అక్కడికే వచ్చాడు. ఆమెకి ఒళ్ళు మండింది. ఇంకో రోజైతే నంబరు ఇచ్చేసేదే. "బండి నేను నడుపుతాను మేస్త్రీ. చప్పుడు విన్నదీ నేనే. అడిగేదేదో నన్నే అడగండి" అంది.

పెద్దాయన చేతి గుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "నిజమేలెండి" అన్నాడు. లోపలికి వెళ్ళి రెండు రకాల షాక్ అబ్జార్బర్లు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి పాత రకమే, ఉన్నది ఉన్నట్టు. రెండోది అంతకంటే మెరుగైనది. తల మీద ఎర్రటి మరలాంటిది ఉంది. దాన్ని మెట్టు మెట్టుగా ఎడమకి తిప్పితే బండి ముందు భాగం మెత్తబడుతుంది, కుడికి తిప్పితే బిగుస్తుంది. "ఇది వేస్తే మీకు కావాల్సినట్టు అమర్చుకోవచ్చు. ఎంతమందికి అమర్చమంటారు?"

"మేం నలుగురం."

"ఇంట్లో సంగతి కాదమ్మా. బండిలో."

ఆమె ఆలోచించింది. కూతురి బడి పావుగంట. అత్తగారు వారానికి రెండుసార్లు. ఆయన నెలకి ఒకటో రెండో ఆదివారాలు. మిగతా రోడ్డంతా, మిగతా ఎర్ర దీపాలన్నీ, మిగతా వానలన్నీ తనే. పదకొండేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు, తనని తనూ అడగలేదు. "ఒక్కరికి" అంది. "నాకు."

"మంచిది. నలుగురెక్కిన రోజు రెండు వైపులా కుడికి నాలుగు మెట్లు తిప్పుకోండి. రెండు నిమిషాల పని. తిప్పకపోయినా ప్రమాదమేం లేదు, కాస్త ఊగుతుంది, బ్రేకేస్తే ముక్కు వంగుతుంది. అంతే."

పని మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ ఆమె ఆ పొట్టి స్టూలు మీద కూర్చుంది. గాజు గదిలో కాదు, బండి పక్కనే. తిరిగొచ్చేటప్పుడు ఒక్క గట్టు దగ్గర కూడా చప్పుడు లేదు. ముందు భాగం గతుకులోకి దిగి, మెత్తగా లేచి, ఊరుకుంటోంది. ఎంత హాయో! సగం దారిలో మాత్రం పక్క సీటు వైపు చూసి, ఇంత నిశ్శబ్దంలో ఎప్పుడూ నడపలేదే అనుకుంది. ఇన్నాళ్ళూ ఒంటరితనమంతా ఆ చప్పుడు వల్లే అనుకుంది. చప్పుడు పోయింది, అది మాత్రం పోలేదు. సీట్లోనే కూర్చుని ఉంది.

ఇంటికొచ్చి, పాత సామాను గోనెసంచిలోంచి తీసి వరండాలో ఆయన ముందు పెట్టింది. చిట్లిన రబ్బరు, జిడ్డోడుతున్న గొట్టాలు. లింకు చేతిలోకి తీసుకుని ఊపింది. గుండు అటూ ఇటూ పొర్లి, టక్ టక్ మంది. అందరికీ వినపడింది. ఆయన కళ్ళు పెద్దవి చేశాడు. చెప్పకుండా చేయించినందుకు అరుస్తాడనుకుంది, క్షమించమంటాడేమోనని కూడా మనసులో ఏ మూలో ఆశ. ఆయన అన్నది ఇది. "ఇంత అరిగిందాకా ఊరుకున్నావా? పిల్లనెక్కించుకుని తిరుగుతున్నావే! ముందే చెప్పొద్దూ?"

ఆమె లింకుని గోనెసంచి మీద పడేసింది. అత్తగారు గుమ్మంలోంచి ఆ ఇనుప ముక్కనే చూస్తూ నిలబడింది. తర్వాత ఏదో పనున్నట్టు లోపలికి వెళ్ళిపోయింది.

బండి అమ్మే సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆయన ఆఫీసులో, "మా బండికి ముందంతా కొత్తది చేయించాం" అని చెప్పుకున్నాడని తెలిసింది. శనివారం సాయంత్రం ఆమె మర్నాటి ప్రయాణానికి సర్దుతోంది. నీళ్ళ సీసాలు, మాత్రలు, దారిలో తినడానికి ఏదో ఒకటి, కూతురికి వాంతులైతే కవర్లు, ఆడపడుచు ఇచ్చిన గిన్నెలు, ఆయన ఛార్జరు. వేళ్ళు మడుస్తూ మడుస్తూ ఎర్ర మరల దగ్గర ఆగింది. రెండు నిమిషాల పని. తన పనులన్నీ రెండు నిమిషాలవే. ఆ రెండేసి నిమిషాలు కలిసే ఆమె బతుకంతా అయింది. వేలు మడవకుండా వదిలేసి ముందు గదిలోకి వెళ్ళింది. "ఏమండీ, బోనెట్ కింద రెండు ఎర్ర మరలున్నాయి. రేపు నలుగురం ఎక్కే ముందు కుడికి నాలుగు మెట్లు తిప్పాలి. మీరు తిప్పండి."

"ఆఁ, చూద్దాంలే" అన్నాడు, ఫోనులోంచి తల ఎత్తకుండా.

ఆదివారం ఊరు దాటి అరగంట అయిందో లేదో ఆయన మొదలుపెట్టాడు. "ముందు ఏదో ఊగుతోందే. బ్రేకేస్తే ముక్కు వంగుతోంది. నీకు తెలియడం లేదా?"

ఆమె అద్దంలోకి చూసి, బండిని మెల్లగా రోడ్డు పక్కకి తీసి, చెట్టు నీడలో ఆపింది. "అవును" అంది. "ఊగుతోంది. నాకూ తెలుస్తోంది."

ఇంత తొందరగా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు. ఏదో వాదనకి సిద్ధమై ఉన్నవాడు కాస్తా తెల్లమొహం వేశాడు. ఆమె మాత్రం ఆ మాట రుచి నోట్లోనే చూసుకుంటోంది. అవును, నాకూ తెలుస్తోంది. ఎంత సులువుగా ఉంది అనడానికి! ఎనిమిది నెలల్లో ఒక్కరూ ఒక్కసారీ ఖర్చుపెట్టని మాట.

"మీరంతా ఎక్కితేనే వస్తుంది. నేనొక్కదాన్నే ఉంటే రాదు" అంది. "నిన్న చెప్పాను, మరలు తిప్పమని."

"చెప్పావా? నాకు వినపడలేదే."

ఆమె మీట లాగింది. బోనెట్ టప్పున లేచింది. తాళం తీసి ఒళ్ళో పెట్టుకుని, "అటొకటి, ఇటొకటి. కుడికి నాలుగు. వెళ్ళి తిప్పి రండి" అంది. ఆయన ఆమె దిగుతుందేమోనని ఒక నిమిషం చూశాడు. ఆమె సీటు బెల్టు కూడా తీయలేదు. గొణుక్కుంటూ దిగి, బోనెట్ ఎత్తాడు. ఎత్తిన రేకు వెనక మనిషి కనపడకుండా పోయాడు.

వెనక సీట్లో కూతురు నిద్రపోతోంది. ఆ పక్కన అత్తగారు సంచీ జిప్పు వేసి తీసింది. మళ్ళీ వేసింది.

"ఆ చప్పుడు నేను రోజూ వినేదాన్నమ్మా" అంది, గొంతు బాగా తగ్గించి. "పొద్దున్నే నువ్వు గట్టు దింపేటప్పుడు. గేటు దగ్గర."

ఆమె అద్దంలోకి చూసింది. అత్తగారు కిటికీ వైపు చూడటం లేదు. సూటిగా అద్దంలోకే చూస్తోంది.

"చెవుల డాక్టరు దగ్గరికి కూడా వచ్చారు" అంది ఆమె. ఇంకా చాలా అనాలనుకుంది. 

"వచ్చాను. అప్పుడు చెప్దామనే వచ్చాను. వాడు లేదన్నాక నేను ఉందంటే..." ఆవిడ ఆగింది. "మీ మామగారున్నప్పుడు వెనక గది కప్పులో ఏదో పెళపెళమనేది. ఏమీ లేదు పొమ్మనేవారు. కొన్నాళ్ళు చెప్పాను. తర్వాత నాకూ వినపడటం లేదనడం అలవాటు చేసుకున్నా. పెచ్చు ఊడి మంచం మీద పడ్డ రోజున, ముందే చెప్పొద్దూ అన్నారు ఆయన."

ఎనిమిది నెలలుగా ఆమె ఎదురుచూసిన మాట ఇది. రోజూ గేటు రెక్క పట్టుకుని ఎదురుగానే నిలబడి ఉందన్నమాట. ఇప్పుడొచ్చింది, చక్రాలన్నీ బాగుపడ్డాక, రహస్యంగా, కొడుకు బోనెట్ వెనకున్నప్పుడు. ఆవిడని చూస్తే జాలేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. తను కూడా ఏదో ఒక రోజు ఇలాగే వెనక సీట్లో కూర్చుని, జిప్పు వేసి తీస్తూ, ఎవరికో గొంతు తగ్గించి చెప్పుకుంటుంది కాబోలు అనిపించింది. ఆ ఆలోచనకి భయమేసింది.

రేకు దభీమని మూసుకుంది. ఆయన చేతులు దులుపుకుంటూ వస్తున్నాడు.

"అత్తయ్యా" అంది ఆమె, వెనక్కి తిరిగి. "ఇప్పుడు నాతో అన్న మాట ఆయన ముందు అనండి."

ఆయన తలుపు తీసి కూర్చుని, బెల్టు లాక్కుని, "ఆఁ, అయిపోయింది. పోనియ్" అన్నాడు. అత్తగారు సంచీ గట్టిగా పట్టుకుంది. ఆమె తాళం ఒళ్ళోనే ఉంచుకుని, చేతులు కట్టుకుని, అద్దంలోకి చూస్తూ కూర్చుంది.